మిషను అలిగిన పూట

లాక్కోలేదు. మళ్ళీ లాక్కోలేదు. గరుకు పలక కొస మిషను నోట్లో పెట్టినంత సేపూ బాగానే ఉంది, లోపల రోలర్లు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, బెత్తెడు లోపలికి పోయింది కూడా, పోయి అక్కడ, నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టిన దూడలాగా, ముందుకు రానంటే రానని ఒకటే మొండి. కత్తులు ఉన్నచోటే గీకి గీకి కాలిన వాసన తెప్పిస్తున్నాయి. వడ్రంగి ఎడమ చేత్తో తోశాడు. కుడి చెయ్యి కూడా వేసి తోశాడు, అదీ ఒక చెయ్యేనా, పక్షవాతం వచ్చి మంచమెక్కి దిగిన దగ్గర్నుంచీ ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న సామానులాగా భుజానికి వేలాడుతోంది, అయినా వేశాడు, పొట్ట ఆనించి తోశాడు, చొక్కా గుండీ ఒకటి తెగి ఎటో పోయింది గానీ పలక మాత్రం పోలేదు. ఎర్ర బొత్తాం నొక్కాడు. మిషను మూలుగుతూ మూలుగుతూ ఆగింది. రేకుల షెడ్డులో ఒక్కసారిగా నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో తన ఊపిరి తనకే వినిపించి సిగ్గేసింది, మోసింది లేదు పెట్టింది లేదు, ఈ రొప్పేమిటి.

ఎక్కువ సేపు లేదు. భార్య కుట్టిన యూనిఫారాలు మూటగట్టుకుని బడిలో ఇచ్చి రావడానికి వెళ్ళింది, ఆవిడ తమ్ముడు కొనేవాణ్ణీ వాడి బండినీ వెంటబెట్టుకుని ఈ పూటే వస్తానన్నాడు, వీళ్ళ ముగ్గురిలో ఎవరు ముందొచ్చినా తన ఆట కట్టు. "ఊరికే కూర్చుని చూసుకుంటాను, వెళ్ళే ముందు ఒకసారి చూసుకోవద్దూ," అని భార్యకి చెప్పి షెడ్డులోకొచ్చాడు, చిన్నప్పుడు అమ్మతో చెప్పిన అబద్ధాల్లాగే ఇదీ సగం నిజం. గరుకు పలకని ఒక పక్క మింగి రెండో పక్క నున్నగా, ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఒకే మందంలో కక్కే చిత్రిక మిషను అది. దాని పొట్ట నింపే తన పొట్ట నింపుకున్నాడు. అమ్మేద్దామని మొదట అన్నది బావమరిది, సరేనన్నది భార్య, ఊఁ అన్నది తను. అది వెళ్ళిపోయేముందు ఒక్కసారి, ఒక్క పలక, అది లాక్కుంటే తను వడ్రంగే, లాక్కోకపోతే బండి ఎక్కించేయొచ్చు. అంతే పందెం. కానీ లాక్కోకపోవడంలో కూడా రెండు రకాలుంటాయిగా. జబ్బు దానికైతే బాగుచేసుకుంటాడు. జబ్బు తనకైతే చేసేదేమీ లేదు. కాబట్టి దేవుడా, పాడైపోయి ఉండాలి నా మిషను, ఏదో ఒకటి విరిగి ఉండాలి, అరిగి ఉండాలి. అమ్మకానికి పెట్టిన సరుకు పాడైపోయి ఉండాలని మొక్కుకునే వెర్రివాడు లోకంలో తనొక్కడేనేమో అనుకుని నవ్వబోయాడు, నవ్వు ఎడమ పక్కే వచ్చింది, కుడి మూతి రాలేదు.

బల్లని దించే చక్రం పట్టుకుని కాస్త కిందికి తిప్పాడు, లోతు తగ్గితే కత్తులకి బరువు తగ్గుతుంది. పని నేర్పిన పెద్ద మేస్త్రి అనేవాడు, బీడీ చెవి సందులో పెట్టుకుని, "అది అలిగిందంటే దాన్ని తిట్టకురా, ముందు నువ్వెంత ముద్ద పెట్టావో చూసుకో. పట్టనంత కుక్కితే నువ్వు మాత్రం తింటావా?" తినలేదు, నిజంగానే తినలేదు, ఆస్పత్రిలో చెంచా మూతి దగ్గరికొస్తే మింగాలన్న సంగతి గొంతు మరచిపోయింది, మెత్తగా చిదిమి పెట్టినదంతా కుడి మూతి నుంచి జారి చుబుకం మీదికి, చొక్కా మీదికి, మొహం అటు తిప్పేసుకున్నాడు గోడ వైపు. భార్య పెద్ద చెంచా పక్కన పెట్టి ఎక్కడి నుంచో చంటిపిల్లల చెంచా తెచ్చింది, అందులోనూ సగం, ఆ సగంలో సగం, "ఇంత తింటే చాలు, ఇంతే," అంటూ. ఎంత చిన్న ముద్దకి ఏ గొంతు ఒప్పుకుంటుందో ఆవిడకి ఎవరు నేర్పారు, ఏ మేస్త్రి దగ్గర పని చేసింది. ఆకుపచ్చ బొత్తాం నొక్కాడు. ఇంత తింటే చాలు, ఇంతే. పలక కొస లోపలికి పోయింది, వణికింది, నిలబడిపోయింది. ఆపాడు.

అయితే బల్ల అయ్యుండాలి. టేకు జిగురు ఇనపబల్లకి పట్టుకుందంటే పలక జారదు, పైన రోలరు లాగుతుంటే కింద బల్ల పట్టుకుంటుంది, నలిగిపోయేది మధ్యలో పలక, ఇద్దరు పెద్దవాళ్ళ పంతాల మధ్య ఇంటి కోడలిలాగా. వంగి చూశాడు. జిగురు లేదు సరికదా, బల్ల అద్దంలా ఉంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంత నునుపుగా లేదు. ఒక్క మూలన కూడా పొట్టు లేదు, బోల్టుల సందుల్లో కూడా పాత బట్టతో తుడిచినట్టుంది. ఇది ఆవిడ పని. తను మంచంలో ఉన్నన్నాళ్ళూ వారానికొకసారైనా షెడ్డు తలుపు తీసిన చప్పుడు వినిపించేది, "ఏం చేస్తున్నావక్కడ?" అంటే "తుడుస్తున్నా, తుప్పు పడితే మీరు నన్ను బతకనిస్తారా," అనేది అక్కడి నుంచే. తుడిచిన మనిషే ఇప్పుడు అమ్మేద్దామంటోంది. "దాని పళ్ళ ముందు మిమ్మల్ని మళ్ళీ నిలబెట్టే ధైర్యం నాకు లేదండీ," అంది, కళ్ళు కుట్టుపని మీద నుంచి ఎత్తకుండానే, సూదిలో దారం ఎక్కించుకుంటూ, ఎక్కని దారాన్ని మళ్ళీ మళ్ళీ తడి చేసుకుంటూ. అయినా బల్ల మీద కొవ్వొత్తి ముక్క ఎడమ చేత్తో ఇటు నుంచి అటు రుద్దాడు, మైనం పూస్తే ఎంత మొండి పలకైనా జారుతుంది. ఇనుములో తన మొహం మసగ్గా కనిపించింది, మూతి వంకర ఆ మసకలో తెలియలేదు, కాసేపు అలాగే చూసుకున్నాడు.

మైనానికీ లొంగలేదు. కత్తులా మరి. ప్లగ్గు పీకి, మూత ఎత్తి, ఎడమ బొటనవేలి గోరుని కత్తి అంచుకి ఆనించాడు, గోరు మీద సన్నని పొర లేచింది, మొద్దుబారలేదు, ఎందుకు మొద్దుబారుతుంది, పదును పెట్టించి బిగించిన మర్నాడే గదా తను పడిపోయింది. ఇక్కడే, ఇదే నేల మీద. పడిపోయినట్టు తెలియలేదు, నేలే లేచి చెంపకి తగిలినట్టనిపించింది, నోట్లోకి పొట్టు పోయింది, ఉమ్ముదామంటే నాలుక మాట వినలేదు, పైన మిషను తిరుగుతూనే ఉంది. ఇంట్లో కుట్టు మిషను ముందున్న భార్య ఎలా పసిగట్టింది అని తరవాత అందరూ అడిగారు. "ఉత్త కడుపుతో అరుస్తోంది. పలక ఉంటే గొంతు వేరుగా ఉంటుంది. అంతసేపు ఉత్తగా ఆయన తిప్పడు," అంది. ఇన్నేళ్ళూ గోడకి అవతల కూర్చుని ఆ గొంతు వింటూనే ఉందన్న మాట, తనేమో ఆవిడ కుట్టు మిషను చప్పుడు ఎప్పుడైనా విన్నాడా. వచ్చి, ముందెన్నడూ ముట్టని మిషను ఎర్ర బొత్తాం నొక్కి, ఆ తరవాతే కేక పెట్టింది. ముందు కేక పెట్టి ఏడుస్తూ కూర్చునే రకం కాదు.

మిగిలింది రోలర్లు. పలకని లాగేవి అవే, రబ్బరు తొడిగిన రెండు బొద్దు కడ్డీలు, ఒకటి ముందు ఒకటి వెనక. రబ్బరు అరిగిందా, పగిలిందా, పైన మట్టిలా పొట్టు పేరుకుందా. కుడి చెయ్యి లోపలికి పెట్టాడు, అలవాటు, నలభై ఏళ్ళ నుంచీ చెక్క నునుపు చూసింది, పగులు చూసింది, తేమ చూసింది ఆ చెయ్యే, తనకి తెలియకముందే దానికి తెలిసేది. ఇప్పుడూ అదే వెళ్ళింది ముందు. వేళ్ళని రోలరు మీద ఇటు నుంచి అటు నడిపించాడు. పొడిగా ఉంది. గట్టిగా, పొడిగా, ఏ వంకా లేకుండా. చూపుకి కూడా కొత్తదానిలా నల్లగా నిగనిగలాడుతోంది, ఎండిపోయిన రబ్బరు అలా మెరవదు. ఒక్క వంక, దేవుడా, ఒక్క వంక చూపించు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పలకని తిప్పి చూశాడు, పైన రోలరు ఆనిన చోట అడ్డంగా తడి చార, తన చెమట, ఇంత చిన్న పలకకే చెమటలు కక్కుతున్నాడు.

అన్నీ బాగున్నాయి. బల్ల బాగుంది, కత్తులు బాగున్నాయి, రోలర్లు బాగున్నాయి, పొట్టు పోయే దారి బాగుంది, మనిషే బాగాలేడు. స్టూలు మీద కూలబడ్డాడు. గోడకి ఆనించిన గరుకు పలకలు అలాగే నిలబడి ఉన్నాయి, అవి భార్య కోసమే తెచ్చినవి, ఆవిడ బట్ట నేల మీద పరచుకుని మోకాళ్ళ మీద పాకుతూ కత్తిరిస్తుంటే చూడలేక, నడుమెత్తు బల్ల చేస్తానన్నాడు, అన్న వారానికే పడిపోయాడు. ఇప్పుడా పలకలు కూడా తన వంక జాలిగా చూస్తున్నట్టే ఉంది. అందరూ అలాగే చూస్తున్నారు. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి కూడా, పాపం మంచిపిల్ల, "కళ్ళు మూసుకోండి బాబాయ్, నేనే వేలు పట్టుకున్నానో చెప్పండి," అంటుంది, చిటికెన వేలు అంటాడు, కరెక్టు, చూపుడు వేలు అంటాడు, కరెక్టు, "అబ్బ, స్పర్శ ఎంత బాగా వచ్చేసిందో!" అని వెళ్ళి భార్యకి చెబుతుంది, భార్య మొహం చేటంత అవుతుంది. రెప్పల సందులోంచి చూసి చెబుతున్నాడని ఎవరికీ తెలియదు. మోసం చెయ్యాలని కాదు. మొదటిసారి నిజంగానే ఒకటి తెలిసినట్టనిపించింది. ఆ రోజు ఇంట్లో అందరూ ఎంత సంతోషపడ్డారంటే, రెండో రోజు తెలియలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ తరవాత ఇక ఏ నోటితో చెబుతాడు.

కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి, దాని అరచేతిలో మొహం పెట్టుకున్నాడు. ఏడవడానికి కాదు, కళ్ళు మండుతున్నాయి, అంతే. పెట్టుకోగానే భార్య వచ్చేసిందనుకుని తల తిప్పాడు. రాలేదు. తలుపు దగ్గర ఎండ తప్ప ఎవరూ లేరు. మళ్ళీ మొహం పెట్టుకున్నాడు, మళ్ళీ వచ్చింది. వాసన. ఆవిడ వాసన, రాత్రి పక్కన పడుకుని చెయ్యి తన ఛాతీ మీద వేస్తే వచ్చే వాసన, సబ్బుతో కడిగినా ఆ వేళ్ళని వదలని వాసన. పీల్చాడు. సన్న ముక్కున్న చిన్న డబ్బా, కుట్టు మిషను కన్నాల్లో చుక్క చుక్కగా పోసే పల్చటి నూనె. అది తన చేతికెందుకొచ్చింది.

స్టూలు వెనక్కి పడిపోయింది, పడితే పడింది. మిషను నోట్లో ఈసారి ఎడమ చెయ్యి పెట్టాడు. వేళ్ళు జర్రున జారిపోయాయి. జిడ్డు, రోలరు ఈ చివర నుంచి ఆ చివరిదాకా కారే జిడ్డు, వెనక రోలరు అయితే మరీను, రెండు పూటలు తలంటినట్టుంది. జారక చస్తుందా పలక! ఓసి నీ ఇల్లు బంగారం గాను, అని పైకే అన్నాడు, నవ్వాడు, సగం మూతితోనే షెడ్డంతా వినబడేలా నవ్వాడు. కుట్టు మిషనుకి నూనె వెయ్యకపోతే ముక్కుతుంది, కాబట్టి ఇనుమన్నాక నూనె పట్టాలి, తిరిగేదన్నాక ఇంకా బాగా పట్టాలి, ఆవిడ లెక్క అది, వారం వారం బట్టని నూనెలో ముంచి పిండి, మొగుడి వీపు రుద్దినట్టు రుద్దింది. రోలరుకి కావాల్సింది పట్టు అని ఆవిడకి ఎవరు చెప్పారు, తను ఏనాడైనా చెప్పాడా. పలక మీది చార చెమట కాదన్న మాట. జబ్బు దీనికే. మొక్కు చెల్లింది, జబ్బు దీనికే, తను బాగానే.

నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఇందాక పొడిగా ఉందని చెప్పింది ఎవరు. కుడి చేతిని మెల్లగా రోలరు మీద పెట్టాడు, ఇప్పుడు తెలుసు గనక తెలుస్తుందేమోనని కళ్ళు గట్టిగా మూసుకుని, రెప్పల సందు కూడా లేకుండా. పొడిగా ఉంది. వేళ్ళు నూనెలో ఈదుతున్నాయి, అయినా పొడిగా ఉంది. నూనె తెలియని చేతికి కత్తి తెలుస్తుందా. వేలు తెగి పడ్డా కిందికి చూస్తే గానీ తెలియదు. దూలంలాంటి నిజం ఎదురుగా వచ్చి నిలబడింది, మిషను జబ్బు దొరికిన చోటే తన జబ్బూ దొరికింది, ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తానంటే కుదరదు. నూనె తుడిచేసి, నోరు మూసుకుని, పలక ఒకటి లాగించి చూపిస్తే? ఇంట్లో అందరూ మళ్ళీ సంతోషపడతారు. ఎన్నాళ్ళు.

"కూర్చుని చూసుకుంటానన్న మనిషి చొక్కా గుండీ ఏదండీ?"

భార్య గుమ్మంలో ఉంది, ఖాళీ మూటగుడ్డ చంకలో పెట్టుకుని. చూసింది, ఎత్తి ఉన్న మూత, పడిపోయిన స్టూలు, కొస కాలిన పలక. మొహం తెల్లబోయింది.

"నడిపారా?"

"నడపబోయాను. లాక్కోలేదు. రోలర్లకి నూనె పట్టించావా?"

"పట్టించక? ఎంత పట్టించాననుకున్నారు, డబ్బా డబ్బా." గర్వంగా మొదలుపెట్టింది, అతని మొహం చూసి మాట సగంలో తగ్గింది. "పట్టించకూడదా?"

"పలకని పట్టుకుని లాగేది అదేనే. దానికి నూనె రాస్తే ఎలా లాగుతుంది?"

"అయ్యో రామ. నాకేం తెలుసు, తిరిగేదే గదా అని... ఒక్క మాట చెప్పి పడిపోవచ్చుగా!" అంది, అనేసి నాలిక కరుచుకుంది, అతను నవ్వితే తనూ నవ్వింది. ఆ నవ్వు వదులుకోబుద్ధి కాలేదు అతనికి. ఇక్కడితో ఆపెయ్యొచ్చు. ప్లగ్గు ఇంకా నేల మీదే పడుంది. కుడి చెయ్యి ఆవిడ ముందుకి చాపాడు.

"ముందు ఈ చేత్తోనే చూశాను. పొడిగా ఉందనుకున్నా."

ఆవిడ ఆ వేళ్ళ మీది జిడ్డు చూసింది. చూస్తూనే ఉంది. "ఆ అమ్మాయి అడిగితే అన్నీ చెబుతున్నారుగా," అంది.

"కళ్ళు తెరిచి చెబుతున్నా."

ఇక అంటుంది, బండి రానివ్వండి, ఈ పీడ వదలనివ్వండి అంటుంది, అనడానికి సర్వహక్కులూ ఉన్నాయి, ఆస్పత్రిలో సగంలో సగం పెట్టిన చేతికి ఆ మాత్రం హక్కు లేదా. అమ్మేద్దామని తనే ముందు అనేస్తే పోలే అనుకునేలోపే ఆవిడ మూటగుడ్డ అంచుతో అతని వేళ్ళు ఒక్కొక్కటీ తుడిచింది, గోరు సందులతో సహా, ఒక్క వేలూ వదలకుండా, అతనికి తెలియడం లేదని తెలిసి కూడా మెల్లిగానే తుడిచింది. తుడిచి, ఆ చేతిని తీసుకెళ్ళి అతని లాగూ జేబులో పెట్టింది.

"మిషను దగ్గర ఉన్నంతసేపూ ఇది ఇక్కడే ఉండాలి. బయటికొచ్చిందంటే జేబుకి కుట్టేస్తాను, చెబుతున్నా. ఇప్పుడు చెప్పండి, ఆ జిడ్డు దేనికి పోతుంది?"

"పాలిష్‌లో కలిపే స్పిరిటుకి. ఆ నీలం డబ్బా."

కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు తెచ్చింది, స్పిరిటులో ముంచింది, ప్లగ్గు పీకి ఉందో లేదో తనే ఇంకోసారి చూసుకుంది, రోలరుని వేలితో కొంచెం కొంచెం తిప్పుతూ తుడిచింది, ముక్క నల్లబడితే విసిరేసి ఇంకోటి. "ఇంత ప్రేమగా రాసింది ఇంత తొందరగా పోతోందేమండీ," అని గొణిగింది. ఎడమ చేత్తో తాకి చూశాడు. రబ్బరు వేలిని పట్టుకుంది, వదల్లేదు, కిర్రుమంది. అదీ. ఇన్నేళ్ళూ ఆ కిర్రు వినే పని మొదలుపెట్టేవాడు.

"పలక ఎవరు పెడతారు?" అన్నాడు, మిషను మూత దించుతూ.

"నేను పెడతా. మీరు అటు వెళ్ళి అందుకోండి. నా తిక్క నూనె నేను రాశా, నా పలక నేను పెట్టుకుంటా."

అటు. వెనక వైపు. నున్నటి పలక బయటికొచ్చే వైపు ఎప్పుడూ వేరేవాళ్ళు నిలబడేవారు, తను నోటి దగ్గరే, ఎంత లోతు, ఎంత వేగం, ఏ కొస ముందు, అన్నీ తన చేతిలో ఉండే చోట. మిషను చుట్టూ తిరిగి అటు వెళ్ళడానికి కాళ్ళు కాసేపు ఒప్పుకోలేదు. వెళ్ళాడు. ఇక్కడి నుంచి షెడ్డు వేరేగా ఉంది, కిటికీ ఎడమకొచ్చింది, ఆవిడ మొహం మూత పైనుంచి కళ్ళవరకే కనిపిస్తోంది, భయం నిండిన కళ్ళు, దించని కళ్ళు. ఎలా పెట్టాలో చెప్పాడు, పక్కన నిలబడు, ఎదురుగా వద్దు, కొస ఆనించు, అది పట్టుకోగానే వదిలెయ్, వెంటపడి తొయ్యకు, వేళ్ళు పలక కిందికి పోనివ్వకు. ఎన్ని మాటలు ఉన్నాయో తన దగ్గర, చేతుల్లోనే ఉండిపోయి నోటిదాకా ఎప్పుడూ రానివి. ప్లగ్గు పెట్టింది. ఆకుపచ్చ బొత్తాం నొక్కింది. మిషను ఉత్త కడుపుతో అరిచింది, ఆవిడ పలక కొస ఆనించింది, అరుపు ఒక్కసారి మారి లావెక్కింది.

గేటు బయట హారను మోగింది. బావమరిది లోపలికొచ్చాడు, వాడి వెనక కొనేవాడు, వస్తూ వస్తూనే, "అబ్బో, ఎంత బాగా లాగుతోందండీ!" అన్నాడు కొనేవాడు, కళ్ళు పెద్దవి చేసి.

"అక్కా! నువ్వేంటి దాని ముందు? నీకేమన్నా మతిపోయిందా?"

ఆవిడ తల తిప్పలేదు. "నోట్లో పలక ఉంది, పలకరించకు. వచ్చినాయనకి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టు. అమ్మడం లేదని చెప్పు, శ్రమపెట్టినందుకు ఏమనుకోవద్దని కూడా చెప్పు."

"అమ్మకపోవడమేంటి? బండి తెచ్చుకున్నాడక్కా ఆయన! బావ ఏడీ? బావా!"

వడ్రంగి ముందుకి వంగి ఎడమ అరచెయ్యి చాపి పట్టాడు. కుడి చెయ్యి జేబులోనే ఉంది. రెండో రోలరు కింద నుంచి పలక కొస తొంగిచూసింది, పచ్చిగా, పసుప్పచ్చగా, వచ్చి అరచేతిలో వాలింది, కత్తుల రాపిడికి వేడెక్కి వెచ్చగా ఉంది.

"ఇటు పక్కనున్నానురా," అన్నాడు.